అన్నం లేని చేపల పులుసు

ఆ రోజుల్లో మా నెల్లూరు వైపు అన్నం మానేశారంటే జ్వరమైనా వచ్చి ఉండాలి, అలక అయినా పూని ఉండాలి. ఈ రెండూ కాకుండా శాస్త్రం కోసం మానేసినవాడిని బహుశా నేనొక్కడినే. అరవైల మొదట్లో డాక్టరు చదువు ముగించి కొత్తగా ఆస్పత్రిలో చేరాను. అన్నం లాంటి పిండి పదార్థాలు మానేస్తే శరీరం తన కొవ్వునే కరిగించుకుని బతుకుతుందని, చక్కెర జబ్బు దారికొస్తుందని నాకు గట్టి నమ్మకం. రోగులెవరూ వినకపోయేసరికి (వరి పండే ఊళ్లలో ఎవరు వింటారు?) నా మీద నేనే ప్రయోగం మొదలుపెట్టాను. చేపలు, గుడ్లు, ఆకుకూరలు, అంతే. రోజూ పొద్దున్నే స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి కాచేవాడిని. చక్కెర ఉంటే రంగు మారాలి. మారేది కాదు. నాకసలు ఆ జబ్బే లేదు. లేని జబ్బు తగ్గిపోయిందని రోజూ మురిసిపోయేవాడిని.

సరిగ్గా అప్పుడే మా అక్క బోగోలు దగ్గర ఒక పాస్టరుగారి అమ్మాయిని నాకు చూసింది. అమ్మాయి బడిలో టీచరు. అంతకుముందే ఆమె చర్చిలో పాడుతుంటే చూసి ఉన్నాను (ఏ పాటో గుర్తులేదు). ఈ సంబంధం తప్పిపోతే ఇక నాకు పెళ్లే వద్దని అక్కతో చెప్పేశాను కూడా.

అక్కా నేనూ వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. పాస్టరుగారు కళ్లు మూసుకుని వాన కోసం, పంట కోసం, వచ్చిన అతిథుల కోసం తీరిగ్గా ప్రార్థన చేశారు. కళ్లు తెరిచేసరికి నా విస్తట్లో అన్నం కొండలా ఉంది. దాన్ని మర్యాదగా పక్కకు జరిపి ఉత్త చేపల పులుసు తినసాగాను. మూడుసార్లు అడిగి వేయించుకున్నాను. (పులుసులో చింతపండు పిండి పదార్థాల లెక్కలోకి వస్తుందా రాదా అన్నది అప్పటికి తేల్చుకోలేదు.) మా వైపు అన్నం లేకుండా ఉత్త ముక్కలు తినేది తాగేవాళ్లేనన్న సంగతి నా శాస్త్రంలో లేదు.

"అన్నం ముట్టలేదేమి అబ్బయా?" అన్నారాయన.

"అన్నం మానేసినానండీ. ఇప్పుడు ఇదే అలవాటైపోయింది."

ఆయన కొంచెం ముందుకు వంగి, చటుక్కున వెనక్కి జరిగారు. అన్నం మానినవాడి నోరు మిగలపండిన అరటిపండులా వాసన వేస్తుంది. నాకది విజయం, ఆయనకు కల్లు.

"మాది తాగుడు మానండని ఊరూరా చెప్పే ఇల్లు అబ్బయా. నీ నోరు వాసనొస్తా ఉండాది."

"అది తాగిన వాసన కాదండీ, కొవ్వు కరిగే వాసన" అన్నాను గర్వంగా. అక్కడితో ఆగినా బాగుండేది. రుజువు చూపిద్దామని సంచీలోంచి గాజు గొట్టం, నీలం మందు, దీపంలోకి తెచ్చిన స్పిరిట్ సీసా తీసి వరసగా విస్తరి పక్కన పెట్టాను. అక్క కొంగుతో ముఖం కప్పుకుంది.

"సీసా కూడా వెంట తెచ్చుకున్నాడే" అని పాస్టరుగారు భోజనం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కోబోయారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు వాకిలి దగ్గర నిలబడి ఉన్న అమ్మాయి నోరు విప్పింది. "తాగేవాడైతే తమలపాకు నమిలి వస్తాడు నాయనా. పెట్టిందంతా బుద్ధిగా తింటాడు. సీసా తీసి మన ముందర పెడతాడా? ఈయనకి కాస్త పిచ్చి ఉందేమో గానీ తాగుడు లేదు." తర్వాత నావైపు తిరిగి, "ఒక్క ముద్ద తినండి. నాయన మనసు కుదుటపడతాది" అంది.

తిన్నాను. ఒక్క ముద్దతో ఆగలేదు. అంతవరకు చేసిన ప్రయోగమంతా ఆ పులుసన్నంలో కలిసిపోయింది, పెళ్లి కుదిరింది.

తర్వాత జీవితమంతా ఆ పరిశోధనే చేశాను, ఎందరిచేతో అన్నం తగ్గించాను. ఇప్పుడు నాకు నిజంగానే చక్కెర జబ్బు వచ్చింది. మా ఆవిడ నా పళ్లెంలో ఉత్త చేప ముక్కలే వేస్తుంది. ఒక్క ముద్ద పెట్టవే అంటే, "ఆ పొద్దు విస్తరి నిండా పెడితే పక్కకి నెట్టినారు గదా. ఈ పొద్దు అడిగితే ఎట్టా వస్తాది?" అని అన్నం గిన్నె మీద మూత పెట్టేస్తుంది. మొత్తానికి నా సిద్ధాంతమే గెలిచింది. నేను మాత్రం మూత కిందినుంచి వచ్చే వేడన్నం వాసన పీలుస్తూ, తాగుబోతులా ఉత్త ముక్కలు తింటూ కూర్చుంటాను.