కోచ్‌కి మా అత్తగారి సలహా

సీజన్ మొదలయ్యే ముందు ఆడే ప్రొఫెషనల్ వాలీబాల్ కప్పు ఈసారి తెనాలిలో పెట్టారు. ఈ సాయంత్రం కొలకలూరు నుంచి మా అత్తగారిని తీసుకుని వెళ్లాను. ముందు మహిళల మ్యాచ్, తర్వాత పురుషులది. ఆడే జట్లలో ఏదీ మన ప్రాంతానిది కాదు. అయినా ఆవిడ కాసేపటికే పసుపు జట్టును మన జట్టు చేసేసుకున్నారు. ముఖ్యంగా వాళ్ల కెప్టెన్, పొడుగు జడ అమ్మాయి, ఆవిడకి తెగ నచ్చేసింది.

ఆఖరి సెట్టు నువ్వా నేనా అన్నట్టు సాగుతుంటే, పసుపు జట్టు కోచ్ ఆ కెప్టెన్‌నే బయటికి పిలిచి, ఒక బక్కపలచని కొత్తమ్మాయిని దింపాడు. మేం కూర్చున్నది సరిగ్గా అతని వెనకే. అత్తగారు ఊరుకోలేదు.

“ఏంటి నాయనా, బాగా ఆడే పిల్లని కూర్చోబెట్టావు?”

“కొత్తవాళ్లని చూసుకోడానికే ఈ కప్పండి. ఓడినా పర్లేదు పిన్నిగారూ.”

“నీకు పర్లేదు. నేను కూరలో ఉప్పేశానో లేదో కూడా చూసుకోకుండా వచ్చాను.”

అతను నవ్వి అటు తిరిగేసరికి, ఆ కొత్తమ్మాయి వల దగ్గర గాల్లోకి లేచి బంతిని అవతలి కోర్టులోకి దించేసింది. మ్యాచ్ మనదే.

పురుషుల ఆట కూడా చూసి ఇంటికొచ్చాక, అత్తగారు మామగారికి వడ్డిస్తూ చెప్పారు. “ఆ కొత్తపిల్లని దింపమని కోచ్‌కి చెప్పింది నేనేనండి.”

నేను పక్కనే ఉన్నాను గానీ నోరు మెదపలేదు. మీలో ఎవరికైనా కాదనే ధైర్యముంటే, రేపటి మ్యాచ్‌కి ఆవిణ్ణి మీరే తీసుకెళ్లండి.

మామగారు మాత్రం ఉప్పు లేని కూర కలుపుకుంటూ, “మంచి పని చేశావు” అన్నారు.