బాల్కనీకెక్కిన దుప్పట్లు

ఆ వీధిలో ఎవరింట్లో పరుపు కుంగినా, దూది ఉండలు కట్టినా కబురు వెళ్లేది పరుపులమ్మకే. కింద దుకాణం, పైన ఇల్లు. ఆవిడ పెద్ద సూది చేతపట్టిందంటే సింహాసనం ఎక్కినంత ఠీవి. అంతటి మహారాణి కూతురు నాలుగో తరగతికి వచ్చినా నిద్రలో పక్క తడుపుతుంది. విధికి వేళాకోళం ఎక్కువని పక్క దుకాణం టైలరు అభిప్రాయం.

"మొద్దునిద్రమ్మా, వయసొస్తే అదే పోతుంది. పిల్లని ఏమీ అనకండి" అని డాక్టరు పంపేశాడు. పరుపులమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే దుప్పటి ఉతికి మేడ వెనక ఆరేసేది. అక్కడితో ఆ సంగతి సరి.

అయితే నాలుగు రోజులుందామని వచ్చిన ఆడబిడ్డకు డాక్టర్ల మీద నమ్మకం తక్కువ, తన మీద ఎక్కువ. "సిగ్గు తెలిస్తే అదే మానేస్తుంది" అని సిద్ధాంతం ప్రవచించి, ఒకనాటి ఉదయం తడి దుప్పటిని వీధివైపు బాల్కనీ కమ్మీ మీద జెండాలా పరిచింది. సరిగ్గా బడి బస్సు వచ్చే వేళకు. బస్సు కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి.

సాయంత్రం పిల్ల సంచి విసిరేసి గోడవైపు తిరిగింది. "నేను బడి క్యాంపుకి వెళ్లను. రాత్రి అక్కడే పడుకోవాలట."

నెలల తరబడి ఆ క్యాంపు కోసం ఇల్లు పీకి పందిరేసిన పిల్ల!

పరుపులమ్మ నోరు విప్పలేదు. ఆవిడ మాట్లాడకపోతే ప్రమాదమని మొగుడికి తెలుసు. చెప్పులేసుకుని బజారుకు జారుకున్నాడు.

మర్నాడు బస్సు వేళకు పరుపులమ్మ ఇంట్లో దుప్పట్లన్నీ బకెట్లో ముంచి, నీళ్లోడుతుండగానే కమ్మీ పొడుగునా వేసింది.

"వదినా! అది నా ఎంబ్రాయిడరీ దుప్పటి!" ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చింది.

"చూశానమ్మా. పూలు బాగున్నాయని నడిమధ్యలో వేశా."

"వీధంతా చూస్తోంది! నేనే తడిపాననుకోరూ?"

"అనుకోనీ. సిగ్గు తెలిస్తే మానేస్తావుగా."

ఆడబిడ్డ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి తప్పుకుంది.

కింద నుంచి టైలరు తలెత్తాడు. "ఎవరి పనమ్మా ఇదంతా?"

"ఇంటిల్లిపాదిదీ!" అని పరుపులమ్మ రాజశాసనం చదివినట్టు ప్రకటించింది.

గుమ్మంలో నిలబడ్డ పిల్ల పెదవి కొరుక్కుంది. "నాన్న దుప్పటి కూడానా?"

"అన్నిటికంటే ముందు అదే."

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వుతూనే బస్సెక్కింది.

సాయంత్రం తిన్నగా దుకాణంలోకొచ్చి దూది మూట మీద కూర్చుంది. "అమ్మా, ఎంత తడిసినా తడి కిందికి దిగని పరుపు కుట్టగలవా? క్యాంపుకి."

"ఎవర్ని అడుగుతున్నావే? సూదిలో దారం ఎక్కించు."

తల్లీకూతుళ్లు మధ్యలో రబ్బరు గుడ్డ పెట్టి పల్చటి పరుపు కుట్టారు. గలీబు రంగు పిల్లే ఎంచుకుంది: ఎర్రనిది, మైలు దూరం నుంచి కనిపించేది. మార్చుకోవడానికి అలాంటిదే ఇంకోటి.

క్యాంపు రోజు బస్సు దగ్గర ఒక పిల్ల అడగనే అడిగింది. "అంత పెద్ద పరుపు చుట్ట ఎందుకే?"

పరుపులమ్మ నోరు తెరిచేలోగా కూతురే అందుకుంది.

"రాత్రి తడిస్తే మార్చుకోడానికి. ఏం?"

కాసేపటికి అడిగిన పిల్లే దగ్గరకొచ్చి, చెవిలో, "మీ అమ్మ నాకూ ఒకటి కుడుతుందా?" అంది.

"కుడుతుంది," అంది పరుపులమ్మ కూతురు, అందరికీ వినబడేలా. "గట్టిగా అడిగితేనే."