కాయ లేని కొమ్మ మీద మా తాత

మా తాత పెద్దిరాజుకి మీసాలున్నాయి, భయాల్లేవు. చాట్రాయి చుట్టుపక్కల తోటలన్నిటిలో ఆయన చెప్పుకు తిరిగేది అదే. ఎవరైనా కింద నిలబడి, గెడకి చిక్కం కట్టి మామిడికాయలు కోస్తే ఆయనకి నవ్వు. "గెడ పట్టేది ఆడంగులురా. మగాడైతే చెట్టెక్కాలి" అనేవాడు. కాయ తెంపితే తొడిమ నుంచి చిమ్మే సొన కాల్చిన మచ్చల్ని పతకాల్లా చూపించేవాడు. నొప్పిని కూడా మేపి పెంచుకునే జాతి ఈ మగవాళ్ళది.

కరోనా తగ్గిన వేసవిలో చెట్లెక్కడంలో ఆయన జోడీ అయిన మార్టిన్, కొమ్మ విరిగి, తాత కళ్ళెదుటే పడి చనిపోయాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఊరంతా ఏడ్చింది. తాత మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. "పెద్దిరాజుది రాతి గుండె" అని మగవాళ్ళు మెచ్చుకున్నారు. రాయిని చూసి మురిసిపోయే తెలివి వాళ్ళది.

అప్పట్నుంచి తాత ఏ తోటకి వెళ్ళినా చెట్టు మొదట్లోనే గొడవ పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఒకచోట తాడు బాగోలేదు, ఇంకోచోట మేస్త్రి చూపు బాగోలేదు. నిద్రలో ఉలిక్కిపడి లేచి, అదేదో మా నాయనమ్మ నాగేంద్రమ్మ తప్పయినట్టు ఆమెను తిట్టేవాడు. చివరికి ఆయన్ని పిలిచే తోట బసవపున్నారావు గారిదొక్కటే మిగిలింది. అదీ పోతే తాతని ఇక ఎవరూ పనికి పిలవరు.

ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. అక్కడా కాయలు దించే బుట్ట అల్లిక బాగోలేదని మొదలుపెట్టాడు. చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు గాని మొదలు ముట్టుకోవట్లేదు.

"భయమేస్తుందా తాతా?" అన్నాను.

"నాకా? పెద్దిరాజుకి భయమేంటే?" అని లుంగీ ఎగ్గట్టి ఎక్కేశాడు.

ఎక్కాడు గాని దిగలేదు. కొమ్మని కావిలించుకుని ఉండిపోయాడు. ఎర్రచీమలు మెడ మీద పాకుతున్నా చెయ్యి వదల్లేదు. కింద మగవాళ్ళకి పండగైంది.

"ఏంటి పెద్దిరాజూ, అక్కడే కాపురం పెట్టావా?"

"చీమల గూళ్ళు చూస్తున్నానురా" అన్నాడు తాత, పీల గొంతుతో.

కోసిన కాయలకి తొడిమలు తుంచుతున్న ఆడవాళ్ళ మధ్య నుంచి నాయనమ్మ లేచి వచ్చింది. "మీ పనులు చూసుకోండయ్యా" అని నవ్వేవాళ్ళని పంపేసి, చెట్టుకి నిచ్చెన ఆనించింది.

"మార్టినన్న గుర్తొచ్చాడా?" అని మెల్లగా అడిగింది.

కొమ్మ ఊగడం మొదలైంది. తర్వాత, తల్లి కోసం దూడ అరిచినట్టు ఒక ఏడుపు.

"ఏడువయ్యా. ఏడ్చాకే దిగు. నిచ్చెన నేను పట్టుకుంటా."

తాత దిగాక, నీడలో కూర్చున్న తోట యజమానితో నాయనమ్మ అంది: "బసవపున్నారావు గారూ, రేపట్నుంచి ఈయన నాతో తొడిమలు తుంచుతాడండీ."

తాత కాదనలేదు. ఆయన జన్మలో చేసిన మగపని అదొక్కటేనని నా లెక్క.

"కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటి తాతా?"

"సొన పడిందే."

ఆయన కావిలించుకున్న కొమ్మకి ఒక్క కాయ కూడా లేదు. అయినా కడుక్కోమని నీళ్ళు తెచ్చిచ్చాను.