సున్నం కింద చెమ్మ

కరీంనగర్‌లో మా ఇంటికి వెనకవైపు ఒక అర్ర ఉండేది. దాని గోడకు అవతలే జాలారి. ఇంటిల్లిపాది స్నానాలు, గిన్నెలు కడగడం అంతా ఆ బండల మీదే. సందుల్లోంచి నీళ్లు గోడలోకి దిగేవి. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ గోడ మోకాలెత్తు వరకు చెమ్మెక్కి, పెచ్చులూడి, నల్లగా బూజు పట్టి ఉంది. అక్కడ పెట్టిన బియ్యానికి ముక్కవాసన వస్తోందని మా అత్తమ్మ వాటిని ముందు అర్రలోకి మార్పించింది.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడిన నాలుగైదేళ్లకు, ఆడపిల్లల బడికి కుట్లు నేర్పే పంతులమ్మ ఒకామె ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చింది. భర్త పోయిన మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో. ఒంటరి ఆడదానికి ఎవరూ ఇల్లివ్వడం లేదని తెలిసి, మా అర్ర ఇస్తామని మా ఆయన మాటిచ్చి వచ్చాడు.

"గోడ సంగతి ముందే చెప్తే మంచిది గదా అత్తమ్మా?" అన్నాను.

"చెప్తే ఎవలొస్తరు? జర సున్నం కొట్టు. ఎండకాలం జాలారి తవ్విపిద్దాం," అంది అత్తమ్మ.

గోడ గీకింది నేనే. రాలిన పెచ్చులు చేటలోకి ఎత్తి, నీలిమందు కలిపిన సున్నం రెండుసార్లు పూసి, సాంబ్రాణి పొగ వేశాను. గోడ తెల్లగా మెరుస్తుంటే, నిజం చెప్పొద్దూ, నా చేతిపని చూసుకొని మురిసిపోయాను.

ఆమె ఒక రేకుపెట్టె, పరుపుచుట్టతో వచ్చింది. "కొత్త సున్నం వాసన మంచిగుంది బాయి," అంది నాతో. పెట్టెను ఆ గోడకే ఆనించి పెట్టుకుంటుంటే నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఇటుపక్క పెట్టుకో అంటే ఎందుకని అడుగుతుందేమోనని ఊరుకున్నాను.

కొద్దిరోజుల్లోనే నన్ను చెల్లె అని పిలవడం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే మా చంటి కొడుక్కి అంగీ కత్తిరించి, కాజాలు కుట్టడం నాకు నేర్పింది. నా వంకర కుట్లు విప్పి మళ్లీ కుట్టించేటప్పుడు కూడా విసుక్కునేది కాదు.

ఆ ఏడు ముసురు ఎడతెగకుండా పట్టింది. ఒక పొద్దున ఆమె నన్ను అర్రలోకి పిలిచింది. పెట్టె తెరిచి ఉంది. దసరా తర్వాత రాయాల్సిన కుట్టుపని పరీక్ష కోసం రెండేళ్లుగా కుట్టిన నమూనా గుడ్డలన్నీ ఒక పెద్ద పుస్తకంలో అంటించి దాచుకుంది. పరీక్షకు వాటిని చూపించాలి, పాసైతేనే ఉద్యోగం ఖాయమవుతుంది. పెట్టె అడుగు తుప్పు పట్టి చెమ్మ లోపలికి ఎక్కింది. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గుడ్డల నిండా నల్లటి చుక్కలు.

"గీ మరకలు పోతయా చెల్లె?" అని అడిగింది.

కుంకుడు రసంతో ఉతికాం, నిమ్మకాయ రుద్దాం. దారాల రంగులు వెలిశాయి గాని చుక్కలు పోలేదు. ఆమె ఆ గుడ్డలను ఒక్కొక్కటే మడతపెట్టింది.

"వచ్చే యేడు రాస్త తియ్," అంది చివరికి.

అంతటితో అయిపోయినా బాగుండేది. పెట్టె జరిపితే వెనక గోడంతా నల్లబడి ఉంది. అది చూసి ఆమె నేరుగా మా అత్తమ్మ దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, వానకు తడిచీరెలు అర్రలనే ఆరేసిన. గందుకే మీ గోడ ఖరాబైంది. కొత్త సున్నమేసి ఇస్తిరి, నిలుపుకోలే. మాఫ్ చెయ్యుండ్రి."

అత్తమ్మ ముఖం పక్కకు తిప్పుకొని, "పోనీ తియ్ బిడ్డా," అంది. నేను చల్ల చిలుకుతూ అక్కడే ఉన్నాను. కవ్వం ఆగలేదు.

ఆనాటి నుంచి ఆమె చీరెలను చూరు కింద ఆరేసేది. జల్లు కొట్టి అవి ఆరేవి కావు. సగం తడిచీరెతోనే బడికి పోయేది. దగ్గు పట్టుకుంది. నేను అల్లం కషాయం కాచి ఇస్తే, "నువ్వుండవట్టి సరిపోయింది చెల్లె," అనేది. కషాయం ఇచ్చిన ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని. గిన్నె కడిగి బోర్లించేసరికి ఆ ధైర్యం పోయేది.

చలికాలంలో ఆమెకు ఉట్నూర్ బదిలీ అయింది. పోయేముందు, వద్దన్నా వినకుండా, గోడ గీకి సున్నం వేసింది. నేను సున్నం కుండ అందించాను.

ఎండకాలం వచ్చాక మేస్త్రీ జాలారిలో రెండు బండలు లేపి చూస్తే, మూలన చేయి దూరేంత సందు కనిపించింది. సున్నం, ఇటుక ముక్కలు కూరి బండలు మళ్లీ పరిచాడు. ఒక్కపూట పని. అత్తమ్మ అక్కడే నిలబడి చూసి, "గింతేనా," అంది. తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఉట్నూర్ నుంచి కార్డు వచ్చింది. పిల్లవాడు నడుస్తున్నాడా అని, అత్తమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని రాసి, చివర గోడ మళ్లీ పాడు కాలేదు కదా అని అడిగింది. పిల్లవాడు పరుగెడుతున్నాడని, అత్తమ్మ బాగుందని, గోడ కూడా బాగుందని జవాబు రాశాను. కార్డులో ఇంకా నాలుగు వరసల జాగా మిగిలింది. ఆ జాగా అలాగే వదిలి, కార్డును పోస్టు డబ్బాలో వేయించాను. ఆ పరీక్ష ఆమె రాసిందో లేదో అడగడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు.