తల్లికి చెప్పిన మాట

“పోయినేడు అమ్మ సమాధి దగ్గర ‘రెండు ప్రభుత్వాలూ ఇంకా మాట్లాడుకుంటున్నాయమ్మా’ అని చెప్పాను. అంతకు ముందేడూ అదే చెప్పాను. చచ్చినవాళ్ళకి మతిమరుపు ఉండదు జసింతా,” అన్నాడు అగపీతో, వక్కాకుకి సున్నం రాస్తూ.

తూర్పు తిమోర్ దక్షిణ తీరంలోని ఆ ఊరికి ఇరవై ఏళ్ళుగా అతనే పెద్ద. నడుము వంగినా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకోనిదే వాకిట్లోకి రాడు. తమకూ ఆస్ట్రేలియాకూ మధ్య తగువులో ఉన్న సముద్రంలోంచి రెండు దేశాలూ కలిసి గ్యాసు తీస్తాయని, దాని గొట్టం ఈ తీరానికే, ఊరి శ్మశానం ఉన్న చోటికే వస్తుందని అధికారులు చెప్పినప్పుడు, సమాధులు కదపడానికి ఊరు ఒప్పుకోలేదు. అగపీతో ముందుగా తన తల్లి సమాధినే తవ్వించాడు. దున్నను కోసి, ఎముకలను కొత్త బట్టలో చుట్టి, “పిల్లలకు పనులొస్తాయి, లేచి రా అమ్మా,” అని బతిమాలాడు. అతన్ని చూసి ఊరంతా తమవాళ్ళ సమాధులు తవ్వి కొత్త శ్మశానానికి మార్చుకుంది. ఇప్పుడు ఆ పాత శ్మశానం చుట్టూ ఇనుపకంచె, లోపల నిలువెత్తు గడ్డి. గొట్టం ఏ తీరానికి పోవాలో రెండు ప్రభుత్వాలూ ఇంకా తేల్చలేదు.

ఇవాళ చనిపోయినవాళ్ళ పండుగ. ఏటా సమాధుల దగ్గరికి అందరికంటే ముందు నడిచే మనిషి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూడా గడప దాటలేదు.

“లే చిన్నాన్నా, ఊరంతా నీకోసమే ఆగింది.”

“వాళ్ళు నన్నేమీ అనరు. అదే నా బాధ.” కొవ్వొత్తి, పూలరేకులు, వక్కాకు ఆమె చేతిలో పెట్టాడు. “నువ్వెళ్ళు. అమ్మకి ముందు వక్కాకు పెట్టు. నాకు జ్వరమని చెప్పు.”

జసింతా అతని నుదురు తాకింది. “చల్లగానే ఉందిగా.”

“ఆ మాట మాత్రం ఆమెకి చెప్పకు.”