పసుపు పూసిన ప్లగ్గు

ఆ రోజుల్లో మనిషి పోతే అన్నీ ఆగిపోతాయనుకునేదాన్ని. ఏదీ ఆగలేదు. పటాన్‌చెరులో మా ఆయన పనిచేసిన మందుల కంపెనీ పొగ ఆగలేదు, షిఫ్టు బస్సులు ఆగలేదు, ఆయన కోసే గడ్డి కూడా ఆగకుండా మోకాలెత్తు పెరిగింది. ఆ గడ్డి కోసే పాత చిన్న ట్రాక్టరు మీద ఆయన బదులు నన్ను కూర్చోబెట్టాడు కంపెనీ పెద్ద సారు. (మా ఆయనే ఆదివారాలు సరదాకి దాన్ని నడపడం నేర్పించాడు. సరదా అలా అక్కరకొస్తుందని ఇద్దరం అనుకోలేదు.) తోట మేస్త్రీకి అది మింగుడు పడలేదు. ఆ సీటు తన బామ్మర్దికి రావాలని ఆయన ఆశ.

దసరాకి మా దగ్గర ప్రతి మిషనుకూ పూజ చేస్తారు. బొట్టు లేనిదాన్ని కాబట్టి నన్ను దూరంగా ఉండమన్నారు. ఉన్నాను. మేస్త్రీ బానెట్ ఎత్తి లోపలికి వంగి ఏం పూజ చేశాడో నాకు కనపడలేదు. మర్నాడు తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరుగుతోంది గానీ అంటుకోదు. పెట్రోలుంది, బ్యాటరీ బాగుంది. మేస్త్రీ బండిని చూడలేదు, నా నుదురు చూశాడు.

“ముండమోసినామె ఎక్కినంక బండికి పానమెట్లుంటది? పొద్దుమీకే దాంక చూస్త. గాకుంటే సారుకు చెప్పి మావోణ్ణి కూసోబెడ్త.”

నిజమే కాబోలని నేనూ నమ్మాను. పని పోతే కిరాయి గది కూడా పోతుంది.

మేస్త్రీ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, పట్టకారుతో ఇంజను ఇనుముకు ఆనించి, నన్ను తాళం తిప్పమన్నాడు. నిప్పురవ్వ పడలేదు. కొత్త ప్లగ్గు పెట్టినా పడలేదు. ఇక వైరు చివరి రబ్బరు టోపీలో వేలు పెట్టాడు. వేలు పచ్చగా బయటికొచ్చింది. ఇంకా తడారని పసుపు ముద్ద. ఆ తడికే కరెంటు ప్లగ్గు దాకా రావడం లేదు.

“గిది నువ్వు పెట్టినవా?”

“పూజ కాడికి నన్ను రానిచ్చినవా అన్నా?”

ఆయన పుల్లతో గీకి, నా కొంగుతోనే తుడిపించాడు. ఈసారి తాళం ఆయన తీసుకుని, ప్లగ్గు నన్ను పట్టుకోమన్నాడు. తడి చేత్తో పట్టుకున్నాను. చెయ్యి నుంచి పళ్ళ దాకా ఝల్లుమని, వెళ్ళి బంతి మడిలో కూలబడ్డాను.

“రవ్వ పడ్డదా?”

“పడ్డదన్నా. నా మీదనే పడ్డది.”

అని నవ్వాను. మా ఆయన పోయాక అదే మొదటి నవ్వు. అది ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. (నేను చెబుతుంటే ఇదంతా రాసిపెడుతున్న మా కోడలు ఇక్కడ కలం ఆపింది. రాయవే, ఏం కాలేదు.)

బండి అంటుకున్నాక మేస్త్రీ, నన్ను కాదు, బామ్మర్దిని ఎక్కమన్నాడు. వాడు రెండడుగులు వెనక్కేశాడు.

“నాకద్దు బావా. గామెను కొట్టిన కరెంటు నన్ను ఇడుస్తదా?”

ఇంకెవరూ ముందుకు రాలేదు. అలా ఆ సీటు నాకే మిగిలింది. ప్లగ్గు పాడైందని మేస్త్రీ అందరికీ చెప్పాడు గానీ, పసుపు మాట ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సాయంత్రం స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, ఎవరైనా దిగమంటారేమోనని అటూ ఇటూ చూస్తూ, గడ్డిని వంకరటింకరగా కోసిన ఆ పిల్ల, ఆనాటి నేనే, ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది. మెల్లగా పోనీ తల్లీ, నిన్నెవరూ దిగమనరు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఆ ఇంజను మోతలో దానికి వినపడదు.