చించిన డిక్రీ నకలు

మా నాన్న డిక్రీ బాకీ తీర్చిన రోజున నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. యుద్ధం రోజులు. మిరపకు ధర వచ్చింది. ఆ సొమ్ము తీసుకెళ్లి, మామీద నరసరావుపేట మునసబు కోర్టులో డిక్రీ తెచ్చుకున్న మోతుబరి చేతిలో పోశాడు. ఊరి వరసకు ఆయన నాకు మామ. ఆయన గుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, "అంతా ముట్టింది" అన్నాడు. డిక్రీ నకలును నలుగురి ఎదుటా చించేశాడు. మావైపు అదే చెల్లు, అదే రశీదు.

"చించింది నకలు నాన్నా. అసలు కోర్టులో ఉంది. ఆయన అడిగితే రేపే ఇంకోటి ఇస్తారు. చేను జప్తుకొస్తుంది."

"దేవుడి ముందు ఆర్పినోడు అబద్ధమాడతాడంట్రా? నీ చదువు తగలెయ్య!"

కర్పూరం ఆర్పి పొలం గట్లు జరిపినవాళ్లను మా ఊళ్లోనే చూశాను. కోర్టు బయట చెల్లించిన సంగతి గడువులోగా కోర్టులో రాయించకపోతే చెల్లించనట్టేనని ప్లీడరుగారన్నారు. చెల్లు రాయించమని మామను అడిగాను. కోతలయ్యాక అన్నాడు. కోతలయ్యాయి. బండి ఇరుసు విరిగిందన్నాడు. ఆ బండి సంతలో కనబడింది. ఆయన నవ్వుతూ వాయిదా వేసినప్పుడల్లా నాకు జప్తు తప్పెట వినబడేది.

గడువు దగ్గరపడింది. ఇక చెల్లు రాయమని మేమే కోర్టులో అర్జీ పెట్టాలి. నాన్న సంతకం చెయ్యనన్నాడు.

"రేపు బావ మొహం ఎట్టా చూసేది?"

"మొహం చూస్తే గింజలు రాలతయ్యా?" అంది అమ్మ. సంతకం పడింది.

మామకు కోర్టు నోటీసు అందగానే ఊరంతా మమ్మల్ని విశ్వాసం లేనివాళ్లన్నారు. కోర్టులో మునసబుగారు "సొమ్ము ముట్టిందా?" అని అడిగితే మామ కాసేపు కిటికీ వైపు చూశాడు. అంతసేపు ఆలోచించవలసిందేముంది? చివరికి "ముట్టింది" అన్నాడు. ఆ మాట రికార్డులో ఎక్కేదాకా నేను గుమస్తా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

మెట్ల మీద మామ నా భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, నన్ను దొంగనే అనుకున్నావు గదా?"

"అనుకున్నా మామా."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఆ సంగతితో మాకు పని లేదు."

ఆయన పెద్దగా నవ్వాడు. నాన్న నవ్వలేదు. రైలు స్టేషను దాకా మామ పక్కనే తలొంచుకుని, పిల్లోడి మాట పట్టించుకోవద్దని బతిమాలుతూ నడిచాడు. నోటీసు పోకపోతే మామ ఏం చేసేవాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఏడు తొలకరికి చేను మేమే దున్నాం.